మినిట్సు పుస్తకంలో తెల్ల పేజీలు

మా ఆడిటరు గారి ఆఫీసులో నేను నేర్చుకున్న మొదటి విద్య మినిట్సు పుస్తకంలో పేజీలు వదలడం.

కంపెనీ అన్నాక డైరెక్టర్లు అప్పుడప్పుడూ కూర్చుని మాట్లాడుకోవాలి; మాట్లాడుకున్నది ఒక పుస్తకంలోకి ఎక్కాలి. అదే మినిట్సు పుస్తకం. పేజీలకు వరసగా అంకెలు వెయ్యాలనీ, మధ్యలో కాగితాలు అంటించకూడదనీ చట్టం చెప్పింది. మేము చట్టానికి కట్టుబడినవాళ్ళం కాబట్టి అంకెలు వేసేవాళ్ళం, కాగితాలు అంటించేవాళ్ళం కాదు. ఒక మీటింగు రాశాక రెండు పేజీలు తెల్లగా వదిలి తరవాతి మీటింగు మొదలుపెట్టేవాళ్ళం, అంతే.

"ఎందుకైనా మంచిదయ్యా" అనేవారు ఆడిటరు గారు, చిటికెడు నస్యం ఎక్కించి. బంతిలో ఇద్దరు ఎక్కువొస్తారేమోనని రెండు విస్తళ్ళు అదనంగా వేసి ఉంచే పెళ్ళివారి ముందుచూపు ఆయనది.

ఆ మీటింగుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అవి జరిగేవి కావు. ఏడాది చివర నేను కూర్చుని, ఒక్కో కంపెనీకి నాలుగేసి మీటింగులు రాసిపెట్టేవాణ్ణి. డైరెక్టర్లు వీలు చూసుకుని వచ్చి, కాఫీ తాగి, సంతకాలు చేసి పోయేవాళ్ళు. ఒకే ఇంట్లో ఉంటూ రెండేళ్ళుగా మాటల్లేని తండ్రీ కొడుకులు కూడా నా చేతిరాతలో "సుదీర్ఘంగా చర్చించి ఏకగ్రీవంగా" తీర్మానించేవాళ్ళు. బెజవాడలో కుటుంబ సామరస్యానికి నేను చేసిన సేవ తక్కువేం కాదు.

అవి డెబ్బయిల నడిమి సంవత్సరాలు. నేను బీకాం పాసై, గవర్నరుపేటలో ఆ ఆడిటరు గారి దగ్గర ఆర్టికల్స్ చేస్తున్నాను. అంటే మూడు నాలుగేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకోవాలి. చివర ఆయన సంతకం పెడితేనే నేను ఆడిటరునవుతాను. పెట్టకపోతే బీకాం చదివిన మనిషిగా మిగిలిపోతాను. ఊళ్ళో అటువంటి మనుషులకు అప్పటికే కొదవ లేదు.

మా అత్తయ్య, అంటే మా నాన్నకు అక్క, మిషను ఆస్పత్రిలో ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. కాని ఉయ్యూరు నుంచి మైలవరం దాకా ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళు ఊరికి పదిమంది ఉండేవాళ్ళు. నన్ను కూడా ఈ లోకంలోకి లాగింది ఆవిడే. ఆ విషయంలో ఆవిడ ఎన్నడూ విచారం వెలిబుచ్చలేదు, కనీసం నా ఎదట.

గోడలన్నిటి మీదా ఎర్ర త్రికోణం వేసి ఇద్దరు చాలు, ముగ్గురు చాలు అని ప్రభుత్వం బతిమాలుతున్న ఆ రోజుల్లో, మా అత్తయ్య భవానీపురంలో ఒక మేడ కింది అంతస్తు అద్దెకు తీసుకుని నాలుగు మంచాలతో పురుళ్ళ గది పెట్టింది. కృష్ణకు దగ్గర. మంచాలు ఖాళీ ఉండేవి కావు. ఆదివారం ఆరాధన అయ్యాక నేను వెళ్ళి ఆ వారం పుట్టినవాళ్ళ వివరాలు రిజిస్టరులోకి ఎక్కించేవాణ్ణి.

"చీటీ మీద టైము ఎట్లా ఉంటే అట్లా రాయరా. నీకు తోచింది రాయకు."

"అయిదు నిమిషాలు అటూ ఇటూ అయితే ఏమవుద్ది అత్తయ్యా? మనకేం జాతకాలా పాడా?"

"మనకు లేవు. వాళ్ళకున్నాయిగా. నువ్వు అయిదు నిమిషాలు తప్పు రాస్తే ఇరవయ్యేళ్ళ తరవాత ఒక పిల్లకు సంబంధం తప్పిపోద్ది. అప్పుడు నేనుండను, నా రిజిస్టరుంటుంది."

ఏడు అంకెకు నడుముకు అడ్డంగా చిన్న గీత పెట్టడం నాకు నేర్పింది కూడా అక్కడే. తొందరలో రాస్తే ఒకటీ ఏడూ ఒకటే అయిపోతాయట. "ఒక చుక్క మందుకూ ఏడు చుక్కల మందుకూ మధ్య ఒక మనిషి ఉంటాడ్రా" అనేది. ఆ ఆస్పత్రి అలవాటు నా చేతికి అంటుకుపోయింది.

ఇక ఆ మేడ సంగతి. అది ఉయ్యూరు దగ్గర చెరకు వేసే ఇద్దరు అన్నదమ్ములది. కాదు, తప్పు. కాగితం మీద అది ఒక కంపెనీది. సీలింగు చట్టాల భయంతో ఆస్తిపరులు తమ ఆస్తులు ఎవరి పేరన్నా పెట్టడానికి ఇంట్లో పాలేళ్ళ పేర్లు కూడా కొత్తగా కనుక్కుంటున్న కాలం. మా ఆడిటరు గారు వాళ్ళకు ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టించి మేడను దాని పేర పెట్టించారు. అన్నకు వంద షేర్లు, తమ్ముడికి వంద షేర్లు. కంపెనీకి ఉన్న ఆస్తల్లా ఆ మేడ. చేసే వ్యాపారమల్లా అద్దె వసూలు. అన్నదమ్ముల లెక్క మాత్రం వేరు. పైఅంతస్తు పెద్దాయనది, కింది అంతస్తు చిన్నాయనది. కంపెనీ లెక్కకూ వీళ్ళ లెక్కకూ ఎక్కడా పొత్తు లేదు, ఎవరికీ బాధా లేదు.

ఒక ఏడు చిన్నాయనకు లారీ మీద మనసు పోయింది. తన చెరకు బండి మీద తోలుకునేవాడు ఊరందరి చెరకూ లారీ మీద తోలాలనుకున్నాడు. నన్ను వెంటబెట్టుకుని అత్తయ్య దగ్గరికి వచ్చాడు.

"నర్సమ్మ గారూ, నా భాగం ఇచ్చేద్దావనుకుంటున్నా. బయటోడికి ఇచ్చేకంటే మీకిస్తే పుణ్యం. మా ఆడపిల్లలిద్దరికీ మీరే పురుళ్ళు పోశారు."

"మీ అన్నగారు ఒప్పుకుంటారా అండీ?"

పెద్దాయన అప్పుడే మేడ మెట్లు దిగుతున్నాడు. గుమ్మంలో నిలబడి, లోపల మంచాల మీద పడుకున్నవాళ్ళు కంటబడకుండా మొహం పక్కకు తిప్పుకుని, "నాకెందుకురా, పురుటి కంపు కొట్టే గది! అమ్ముకో ఎవరికన్నా" అన్నాడు. మా అత్తయ్య ఆ మాటకు బాధపడలేదు. అనుమతి దొరికిందని సంతోషించింది. తన ప్రావిడెంటు ఫండు మొత్తం అడ్వాన్సుగా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఎప్పుడో ఒకనాడు ఖాళీ చెయ్యమంటారన్న భయం లేకుండా నాలుగు మంచాలూ ఒకచోట ఉంటే చాలు ఆవిడకు.

ఒప్పందం రాయించడానికి రిజిస్ట్రారు ఆఫీసు ఎదట పరదా కింద కూర్చునే దస్తావేజుల రాతగాడి దగ్గరికి వెళ్ళాం. ఆయన జీవితమంతా పొలాలూ ఇళ్ళ స్థలాలూ అమ్మిన కాగితాలే రాశాడు. చేతివేళ్ళకు ఇంకు, పెదాలకు తాంబూలం. కాగితం మీద రెండూ పడేవి.

"ఆస్తి ఏందండీ?"

"షేర్లు" అన్నాడు చిన్నాయన.

"అయి ఎక్కడుంటాయండీ?"

చిన్నాయన ఒక్క క్షణం ఆలోచించి, "భవానీపురంలో" అన్నాడు.

"హద్దులు చెప్పండి."

చెప్పాడు. తూర్పు మునిసిపల్ కాలవ, దక్షిణం ఫలానా వారి ప్రహరీ, పడమర బాట, ఉత్తరం కిరసనాయిలు డిపో. రాతగాడు తల ఊపుకుంటూ ఆ వంద షేర్లకు నాలుగు దిక్కులా గట్లు వేశాడు. ఆ షేర్లలో ఉన్న నిధులూ, నిక్షేపాలూ, నీళ్ళూ, చెట్లూ, రాళ్ళతో సహా అష్టభోగాలతో అనుభవించమని మా అత్తయ్యను దీవించాడు.

నేను పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. కంపెనీ చట్టం చదివినవాణ్ణి ఆ పరదా కింద నేనొక్కణ్ణే. షేరంటే కంపెనీలో వాటాదారు హక్కు, దానికి హద్దులూ చెట్లూ ఉండవు. మేడ చిన్నాయనది కాదు, కంపెనీది. ఆ రెండూ ఒకే కాగితంలో కలిపి రాయకూడదు. ఈ మూడు ముక్కలూ చెప్పడానికి నిమిషం పట్టదు. కాని చెబితే హాస్యం చెడిపోతుంది. ఆ కాగితం గురించి రేపు ఆఫీసులో ఎట్లా చెప్పాలా అని అప్పటికే మనసులో వాక్యాలు పేర్చుకుంటున్నాను.

"నువ్వు ఒకసారి చూడరా, చదువుకున్నవాడివి" అంది అత్తయ్య.

చూశాను. "దివ్యంగా ఉంది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివి, రాతగాణ్ణి అడిగింది. "ఆయన షేరు కాగితం మీద నంబరు ఏదో ఉందిగదండీ, అది కూడా ఎక్కించండి. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకానో, రేటూ, గడువూ కూడా."

"ఎందుకండీ, హద్దులున్నాయిగా?"

"ఉంటేనేం. మా దగ్గర పుట్టిన ప్రతి బిడ్డ చేతికీ ఒక చీటీ కడతాం. బిడ్డను చూస్తే తెలుస్తుందిగా ఎవరి బిడ్డో అనుకుంటే కుదరదు."

రాతగాడు విసుక్కుంటూ మూడో పేరాలో ఎక్కించాడు. మొత్తం కాగితంలో పనికొచ్చే పేరా అదొక్కటే.

రెండు నెలలు తిరక్కుండా ఒక బ్రాందీ షాపు యజమాని ఆ మేడ మొత్తం తీసుకుని లాడ్జి పెడతానని వచ్చాడు. కింద బారు, పైన గదులు. పెద్దాయనకు చిన్నాయన భాగం మీద అకస్మాత్తుగా రక్తసంబంధం పుట్టుకొచ్చింది. పురుటి కంపు కొట్టిన గదిలో ఇప్పుడు బ్రాందీ వాసన ఊహించుకునేసరికి ఆయనకు ప్రాణం లేచివచ్చినట్టుంది. చిన్నాయన అత్తయ్య దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, "అడ్వాన్సు వెనక్కిస్తానండీ, ఏమనుకోకండి, అన్నయ్య మాట కాదనలేను" అన్నాడు. అన్నయ్య మాట కాదనలేనివాడు అన్నయ్య అంతకుముందు గుమ్మంలో అన్న మాటను మాత్రం అనాయాసంగా కాదనగలిగాడు.

అత్తయ్య ప్లీడరు దగ్గరికి పోదాం రమ్మంది. వెళ్ళాం. ఆయన కాగితం చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీశాడు.

"ఇదేవిటమ్మా, షేర్లకు ఉత్తరాన కిరసనాయిలు డిపో ఉంది!"

"రాసినాయన అడిగాడండీ, చెప్పాం."

"ఇవాళ పొద్దుణ్ణించీ మొదటిసారి నవ్వించారు" అన్నాడు ప్లీడరు. తరవాత నవ్వడం మానేసి వివరంగా చెప్పాడు. మా అత్తయ్యకు చెప్పినా, అది నాకు చెప్పాల్సిన పాఠం.

"గది అమ్ముతాననే ఇందులో ఉంటే దీన్ని పొట్లాలకు వాడుకోవచ్చు. గది ఆయనది కాదు, కంపెనీది. తనది కానిదాన్ని ఎవరమ్మితే ఏం? కాని మూడో పేరా ఉంది. ఎన్ని షేర్లు, ఏ నంబర్లు, ఎంత రేటు, ఎప్పట్లోగా, అన్నీ ఖాయంగా ఉన్నాయి. ఇది గట్టి ఒప్పందం. మిగతా చెట్లూ రాళ్ళూ పక్కన పెట్టమని కోర్టును అడుగుతాం."

"షేర్లు ఇప్పిస్తారా అండీ, డబ్బు తీసుకుని పొమ్మంటారా?" అది ఆవిడ ప్రశ్న. ఆవిడకు కావలసింది డబ్బు కాదు.

"మంచి మాట అడిగారు. బజార్లో దొరికే షేర్లయితే నష్టం పుచ్చుకుని ఇంకోచోట కొనుక్కోమంటారు. ఇటువంటి ఇంటి కంపెనీ షేర్లు ఏ బజార్లో దొరుకుతాయమ్మా? అందుకని అవే ఇప్పించమని అడగొచ్చు. మీరు మిగతా సొమ్ము ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నట్టు చూపించండి చాలు."

"వాళ్ళ కంపెనీ ఒప్పుకోకపోతే?"

"ఇటువంటి కంపెనీల్లో బయటివాళ్ళకు అమ్మేముందు లోపలివాళ్ళకు చూపించి, కొంటారా అని అడగాలనే నియమం ఉంటుంది. అన్నగారికి చూపించాడా?"

"మా గుమ్మంలోనే. నాకొద్దు అమ్ముకోమన్నాడండీ ఆయన. మావాడూ ఉన్నాడు అప్పుడు." నా వైపు చూపించింది.

"ఇంకేం. అన్నగారు ముందుగా తనే కొనుక్కుంటానని ఒప్పుకున్నట్టు వాళ్ళ పుస్తకాల్లో, మీ ఒప్పందం తేదీకి ముందు, ఎక్కడా లేకపోతే చాలు. ఉందంటే మాత్రం మనది రెండో బేరమవుతుంది. రెండోదానికి బలం ఉండదు. లేదుగా?"

లేదని నాకు తెలుసు. ఆ పుస్తకం రాసేది నేనే.

"లేదండీ" అన్నాను. నీకెట్లా తెలుసని ఆయన అడగలేదు.

ప్లీడరు నోటీసు పంపాడు. మా అత్తయ్య ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటుంది. మర్నాడు నేను ఆఫీసులో ఏం చేశానో చెప్పాలి. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది కనక ఇక దాచి లాభం లేదు.

కథ చెప్పాను. పరదా కింది రాతగాడి గొంతు అనుకరిస్తూ, షేర్ల చుట్టూ గట్లు వేసి, అందులో బావి తవ్వించి, చెట్లు నాటించి చెప్పాను. గుమాస్తాలు పొట్టలు పట్టుకున్నారు. ఆడిటరు గారు లోపలి గదిలోంచి వచ్చి నవ్వలేక తుమ్మి, తుమ్మలేక నవ్వి, పంచె కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. చప్పట్లు కొట్టినచోట ఆగడం నాకు చేతకాదు. ప్లీడరు గొంతు కూడా పెట్టి, "ముందు తేదీ ఒప్పందం పుస్తకాల్లో లేకపోతే చాలు" అన్న మాట కూడా వినిపించాను.

ఆడిటరు గారు ఆ మాటకు నవ్వలేదు. "అట్లాగా" అన్నారు.

అయిదారు రోజులకు పెద్దాయన బెల్లం బుట్టతో వచ్చాడు. ఆయన తలకు పెట్టుకున్న ఆముదం, బెల్లం, ఆడిటరు గారి నస్యం, మా జిగురు సీసా, ఈ నాలుగూ కలిసిన వాసన ఆ గదిలో నిలిచిపోయింది. బుట్ట మీద ఈగలు. నన్ను పిలిచారు.

"వీళ్ళ మినిట్సు పుస్తకంలో మీ అత్తయ్య గారి అగ్రిమెంటుకు ముందు ఏదన్నా తెల్ల పేజీ ఉందటయ్యా?"

ఉందని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. రెండు ఉన్నాయి.

"చిన్న మీటింగు" అన్నారు ఆడిటరు గారు. "పదిహేడో తారీకు వెయ్యి. తమ్ముడు తన షేర్లు అన్నగారికి చూపించాడు, అన్నగారు కొనుక్కోవడానికి ఒప్పుకున్నారు. అంతే."

"ఆవిడ మా అత్తయ్య కదండీ."

"తెలుసయ్యా. అందుకే అడ్వాన్సు పైసాతో సహా వెనక్కిప్పిస్తున్నాం. నువ్వు చేస్తే పద్ధతిగా ఉంటుంది. పుస్తకమంతా నీ చెయ్యే కదా, మధ్యలో ఇంకోడి చెయ్యి పడితే బాగుండదు." కాగితాలు సర్దుకుంటూ అన్నారు. "నీ ఆర్టికల్స్ ఎప్పటికి అయిపోతాయి?"

"ఇంకో నాలుగు నెలలండీ."

"బాగా చేశావు. మంచి సర్టిఫికెట్టు ఇద్దాం."

ఇంతకంటే మర్యాదగా ఎవరూ ఎవరినీ బెదిరించలేరు.

రాశాను. మనసొప్పక, అక్షరాలు వంకర్లు పోతూ రాశానని చెప్పుకుంటే నాకు కాస్త గౌరవంగా ఉండేది. కాని చాలా నీటుగా రాశాను. పాత ఇంకు సీసా వెతికి తీశాను, పక్క పేజీల రంగుకు కలవాలని. "తగినంత చర్చ జరిగిన మీదట" అని ఇంగ్లీషులో రాసి, చివర అధ్యక్షుడికి వందన సమర్పణ కూడా చేయించాను. నా పనిలో నాకు గర్వం. చిన్నాయన వచ్చి, బెల్లం ముక్క చప్పరిస్తూ సంతకం చేశాడు. పెన్ను నాకు తిరిగిస్తూ, "నర్సమ్మ గారు కులాసానా?" అని అడిగాడు. కులాసాయే అన్నాను.

ఆ ఆదివారం రిజిస్టరు రాయడానికి వెళ్ళలేదు. జ్వరం అని కబురు చేశాను. అత్తయ్య మందుబిళ్ళలు పంపింది.

నోటీసుకు జవాబు వచ్చింది. కోర్టుదాకా ఎందుకు, ఒకసారి కూర్చుని చూసుకుందామని అటువైపు ప్లీడరు ఆ పుస్తకం పట్టుకుని మా ప్లీడరు గదికి వచ్చాడు. పెద్దాయన కూడా. నన్ను రమ్మని అత్తయ్య పట్టుబట్టింది. "గుమ్మంలో ఆయన అన్న మాట విన్నవాడివి నువ్వేగా, నువ్వు లేకపోతే ఎట్లారా" అంది. వెళ్ళాను. వెళ్ళకపోవడానికి కావలసిన ధైర్యం కూడా లేదు నాకు.

పుస్తకం బల్ల మీద పరిచారు. మా ప్లీడరు చదివి మొహం గంటు పెట్టుకున్నాడు. "పదిహేడు. మనకంటే వారం ముందు" అని పుస్తకాన్ని అత్తయ్య వైపు తిప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని, మొదటి వరస మీద వేలు పెట్టింది. వేలు జరుపుకుంటూ వచ్చి తేదీ దగ్గర ఆగింది.

పదిహేడులో ఏడు. దాని నడుముకు అడ్డంగా చిన్న గీత.

ఆవిడ నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. వేలు మాత్రం అక్కడే ఉంచి ప్లీడరును అడిగింది.

"ఇది ఎప్పుడు రాశారో తేలుస్తారా అండీ?"

"తేలుస్తామమ్మా. ఇది నిన్నగాక మొన్న వండిన వంటలాగే ఉంది నాకు. రాసినవాణ్ణి బోనులో నిలబెట్టి ప్రమాణం చేయిస్తా. వాడు నిజం చెప్పాడా, ఈ పేజీ ఎగిరిపోద్ది. మీ ఒప్పందం నిలబడుతుంది, షేర్లు మీకొస్తాయి."

అటువైపు ప్లీడరు దగ్గాడు. పెద్దాయన ఫాను వైపు చూశాడు.

"నిజం చెబితే అతనికేమవుద్దండీ?"

"ఎవడో ఆడిటరు ఆఫీసు కుర్రాడయ్యుంటాడు. ఇక ఆడిటరు కాడు. దొంగరాత రాసినందుకు కేసు కూడా పెట్టొచ్చు."

"అబద్ధం చెబితే?"

"మన కేసు పోద్ది."

ఆవిడ కళ్ళజోడు తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. నేను చెప్పడానికి అది చాలా పెద్ద వ్యవధి. ఒక వాక్యం పడుతుంది, రెండు కూడా పడతాయి. పరదా కింద హాస్యం చెడుతుందని నోరు విప్పనివాణ్ణి, ఆఫీసులో చప్పట్ల కోసం నోరు మూయనివాణ్ణి, ఇక్కడ మాత్రం నాకు చాలా సహజంగా మాట పడిపోయింది. గోడ మీద క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను.

అత్తయ్య పుస్తకం మూసి, దాన్ని బల్ల మీద అవతలివాళ్ళ వైపు తోసింది.

"కేసు వద్దులెండి. అడ్వాన్సు ఇప్పించండి చాలు."

"ఏవిటమ్మా ఇది!" మా ప్లీడరు నిజంగానే బాధపడ్డాడు. "గెలిచే కేసు!"

"ఓపిక లేదండీ" అంది ఆవిడ. అటువైపు ప్లీడరు అప్పటికప్పుడే కాగితం రాయడం మొదలుపెట్టాడు. పెద్దాయన మర్యాద తెలిసిన మనిషి కనక, "మంచి నిర్ణయం తీసుకున్నారు నర్సమ్మ గారూ" అని మెచ్చుకున్నాడు.

బయటికి వచ్చి రిక్షా పిలిచాను. ఎక్కుతూ అంది, "జ్వరం తగ్గిందా?"

"తగ్గింది అత్తయ్యా."

"అయితే ఆదివారం రా. రిజిస్టరులో రెండు వారాలవి ఎక్కించాలి. గది ఖాళీ చేసేలోగా అన్నీ సరిగ్గా ఉండాలి."

అంతకంటే ఒక్క మాట అనలేదు, అప్పుడు గాని ఆ తరవాత గాని. తిడితే తిన్నవాణ్ణి, తిన్నది అరాయించుకున్నవాణ్ణి అయ్యుండేవాణ్ణి. మా అత్తయ్య నాకు ఆ సదుపాయం కూడా చెయ్యలేదు.

ఆదివారం వెళ్ళాను. మంచాలు మూడు అప్పటికే తీసేశారు. నాలుగో దాని మీద ఒకామె, పక్కన రోజుల బిడ్డ. అత్తయ్య చీటీలు ఒక్కొక్కటే చదువుతుంటే రాశాను. చివరి చీటీలో టైము ఏడు గంటల పదిహేడు నిమిషాలు. నేను రాస్తుండగా ఆవిడ పైనుంచి చూస్తూ నిలబడింది. రెండు ఏడులకూ రెండు గీతలు పెట్టాను. రిజిస్టరు చేతిలోంచి తీసుకుని, ఆరబెట్టి, మూసింది.

తరవాత ఆవిడ మైలవరంలో ఒక తెలిసినవాళ్ళింట్లో గది తీసుకుని, ఇళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోసేది. మంచాలు ఇక పెట్టలేదు. భవానీపురం మేడ లాడ్జి అయింది. కింద అత్తయ్య మొదటి మంచం ఉన్న చోట కౌంటరు. ఒకసారి ఆడిటు పని మీద అక్కడికి వెళ్ళాల్సొచ్చింది. నాకు చల్లటి సోడా ఇచ్చారు. తాగాను.

నాలుగు నెలలకు ఆడిటరు గారు నా సర్టిఫికెట్టు మీద సంతకం చేశారు. మాట తప్పే మనిషి కాదు. నా నడత గురించి, నిజాయితీ గురించి మూడు వాక్యాలు రాశారు. అవి కూడా నా చేతే ముందు చిత్తు రాయించారు, తరవాత ఆయన సంతకం.

అప్పటికి నేను ఏడుకు అడ్డగీత పెట్టడం మానేశాను. ఎంత మానుకున్నా చెయ్యి పోయి పెట్టేది. గీకేసి మళ్ళీ రాసేవాణ్ణి. అది పశ్చాత్తాపమని నాకు నేను చెప్పుకున్నాను. ఒకనాడు ఆడిటరు గారు నా లెడ్జరు తిరగేస్తూ ఆ ఏడుల వైపు పరీక్షగా చూసి, నస్యం ఎక్కించి, మెచ్చుకోలుగా తల ఊపారు.

"మంచి పని చేశావయ్యా. ఆ గీత ఉంటే చెయ్యి ఎవరిదో ఇట్టే పట్టేస్తారు."